రెండు రోజులుగా తొడలు పట్టేశాయి. షూ మార్చినందుకేనా?

అరండల్‌పేట_29 | సోమవారం రాత్రి 9:10
జిమ్‌లో చేరి రెండున్నర నెలలైంది. పొద్దున నడకకి వేసుకునే రన్నింగ్ షూతోనే ఇన్నాళ్ళూ బరువుతో కూర్చుని లేచే స్క్వాట్లు చేశాను. కిందికి దిగేసరికి మడమలు లేస్తున్నాయని ట్రెయినర్ రోజూ గోల. శనివారం అక్కడే ఇంకొకావిడ దగ్గర మడమ ఎత్తుగా ఉండే లిఫ్టింగ్ షూ ఇప్పించి చేయించారు. మడమలు కదల్లేదు, ఒళ్ళు ముందుకు వాలలేదు, మొదటిసారి కిందికంటా దిగాను. ఆదివారం నుంచి తొడల ముందు భాగం రాయి. ఇవాళ ఆఫీసులో మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కవాటంగా దిగాను, పీతలాగా. ఇది షూ వల్లేనా? తొమ్మిది వేలు చెబుతున్నారు, కొనాలా?

తాలింఖానా_బాబాయి | 9:31
కొనకమ్మా. ఆ డబ్బుతో ఎన్ని నెలల గుడ్లు వస్తాయో లెక్కేసుకో. గుంటూరులో మా పేట తాలింఖానాలో మట్టి మీద ఉత్త కాళ్ళతో దండీలు, బస్కీలు తీశాం. షూ అన్న మాటే లేదు. మీది నేల మీద కూర్చోవడం మానేసిన తరం, అందుకే మడమలు లేస్తున్నాయి. రోజూ పది నిమిషాలు గొంతుక్కూర్చో, అదే సర్దుకుంటుంది. నొప్పంటావా, షూ వల్లే. ఒంటికి అలవాటు లేని ఎత్తు పెట్టావు.

పటమట_ర్యాక్ | 9:48
బాబాయి గారూ, మీ బస్కీల్లో మడమలు నేల మీద ఉంటాయా? కిందికి వెళ్ళగానే లేస్తాయి, బరువంతా మునివేళ్ళ మీదే. లిఫ్టింగ్ షూ చేసేదీ మడమ ఎత్తడమే. మడమ కింద సుమారు 2 సెంటీమీటర్ల గట్టి దిమ్మ ఉంటుంది. చీలమండ తక్కువ వంగినా మోకాలు ముందుకు వెళ్తుంది, నడుము నిటారుగా ఉంటుంది. పని కాస్త తొడల ముందు వైపుకి మళ్ళుతుంది. ఆవిడకి నొప్పి వచ్చిందీ అక్కడే. రన్నింగ్ షూ దీనికి పనికిరాదు. దానికీ మడమ దగ్గర ఎత్తు ఉంటుంది, కానీ లోపలున్నది స్పాంజి. బార్ బరువు పడితే నొక్కుకుపోయి పాదం అటూ ఇటూ ఊగుతుంది. పరుపు మీద నిలబడి బియ్యం బస్తా ఎత్తి చూడండి.

సైజ్11 | 9:52
ఆ షూ బెజవాడలో ఎక్కడ దొరుకుతుంది? నాది 11.

తాలింఖానా_బాబాయి | 10:15
బస్కీల్లో చేతిలో బరువుండదు, దానికీ దీనికీ పోలిక పెట్టకు. సరే, ఒకటి చెప్పు. మంగళగిరి పానకాల స్వామి కొండకి కిందే చెప్పులు వదిలి ఎక్కుతాం. దిగొచ్చిన మర్నాడు తొడలు పట్టేస్తాయి. అక్కడ ఏ షూ ఉంది?

గాంధీనగర్_రాజు | 10:17
బాబాయి, మీ మాటకి మీరే అడ్డం వస్తున్నారు 😀 షూ లేకుండా కూడా నొప్పి వస్తుందనేగా అర్థం.

తాలింఖానా_బాబాయి | 10:20
నేనడిగింది మెట్ల సంగతి. దానికి జవాబు చెప్పండి.

ఫిజియో_బెజవాడ | 10:44
నేను చెబుతాను. నొప్పి వచ్చేది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపుతుంది. అలవాటు లేని కండరం అలా పనిచేస్తే లోపల సన్న సన్న నారలు దెబ్బతింటాయి. మర్నాడు మొదలై ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా ఎక్కువై, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. కండరంలో చేరిన లాక్టిక్ యాసిడ్ వల్ల నొప్పి అని ఎవరైనా అంటే నమ్మకండి, అది గంటా గంటన్నరలో పోతుంది. షూ నేరుగా నొప్పి పుట్టించదు. అది ఆవిడని ఇంకా కిందికి దిగనిచ్చింది, అంతే. అమ్మా, శనివారం ఇంకేమైనా మార్చారా? మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

అరండల్‌పేట_29 | 11:02
రంగు మామూలుగానే ఉంది. మార్చిందంటే... 25 కేజీలు చేసేదాన్ని, షూ బాగుందని 35 వేశారు. మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగమన్నారు. అయిదు సెట్లు.

పటమట_ర్యాక్ | 11:05
అదీ సంగతి. అయినా షూ కొనండి, మడమ లేవడం మాత్రం దానితోనే ఆగింది. అంతర్జాతీయ సమాఖ్య (ఐపీఎఫ్) నడిపే పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో అసలు షూ లేకుండా స్క్వాట్‌కి రానివ్వరు. అడుగు భాగం ఎత్తు 5 సెంటీమీటర్లు దాటకూడదని మాత్రం నియమం. మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 240 కేజీలతో కాంస్యం తెచ్చింది ఉత్త కాళ్ళతోనా?

తాలింఖానా_బాబాయి | మంగళవారం ఉదయం 6:20
కోడి రామ్మూర్తి నాయుడు ఏ షూ వేశాడు?

గాంధీనగర్_రాజు | 6:41
ఆయన ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారంటారు. దానికి పడుకుంటే చాలు, షూ ఎందుకు?

తాలింఖానా_బాబాయి | 7:05
నవ్వండి. కొనిపించడానికే ఈ కబుర్లన్నీ. నేల మీద కూర్చోవడం చేతకాని తరానికి ప్రతిదానికీ ఒక వస్తువు కావాలి.

పటమట_ర్యాక్ | 7:30
ఇది రెండోసారి అంటున్నారు. చేతకాక కాదు. నాలుగేళ్ళ క్రితం బండి మీద నుంచి పడ్డాను, కుడి చీలమండలో ప్లేటు, ఆరు స్క్రూలు. ఫిజియోథెరపీ అయ్యాక కూడా ఆ కాలు ఒక హద్దు దాకానే వంగుతుంది. మా చెల్లి పెళ్ళిలో బంతి భోజనాల్లో కూర్చోలేక వంటవాళ్ళ దగ్గర నిలబడి తిన్నాను. పెద్దాయనొకరు అచ్చం మీలాగే, నేల మీద కూర్చోవడం రాదా అన్నారు. ఆ షూ వేసుకున్న రోజు, ప్రమాదం తర్వాత మొదటిసారి రెండు కాళ్ళ మీదా సమానంగా దిగాను. అద్దంలో చూసుకున్నాను కూడా. మీకది తొమ్మిది వేల సోకు.

సైజ్11 | 7:33
🙏

తాలింఖానా_బాబాయి | 9:15
ముందే చెప్పుంటే ఆ మాట అనేవాడిని కాదు బాబూ. కానీ నా సంగతీ విను. మావాడిని పోయినేడాది ఒక జిమ్‌లో చేర్పించా, ఆర్నెల్ల డబ్బు కట్టి. నా దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి ఉత్త కాళ్ళతో స్క్వాట్ తీశాడు. షూ లేకపోతే బయటికెళ్ళమని అందరి ముందూ అన్నారట. కొనిస్తానన్నా, వెళ్ళలేదు. వాళ్ళు కట్టిన డబ్బూ వెనక్కివ్వలేదు. ఇప్పుడు ఫోన్ పట్టుకుని మంచం మీదే ఉంటాడు. షూ అన్న మాట వింటే నాకు మండుతుంది.

పటమట_ర్యాక్ | 9:40
అది వాళ్ళ తప్పు బాబాయి గారూ. షూది కాదు.

తాలింఖానా_బాబాయి | 9:42
రెండూ కలిసే వచ్చాయిగా.

గాంధీనగర్_రాజు | 9:50
జిమ్ వాళ్ళు చెప్పేది వేళ్ళ మీద ప్లేటు పడుతుందని. 20 కేజీల ప్లేటు పడితే గుడ్డ షూ ఏం ఆపుతుంది? మా జిమ్‌లో ఒకతనికి షూలోనే బొటనవేలు చితికింది.

ఫిజియో_బెజవాడ | 10:30
అమ్మా, ఇప్పుడే ఏమీ కొనకండి. నొప్పి తగ్గాక అడుగు పల్చగా, గట్టిగా ఉండే మామూలు కాన్వాస్ షూతో, పాత 25 కేజీలే, మామూలు వేగంతో చేయండి. మడమలు లేస్తే కింద కదలని చెక్క పలక పెట్టుకోండి. చీలమండ వంగడానికి గోడకి పాదం ఎదురుగా పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించే వ్యాయామం రోజూ చేయండి.

అరండల్‌పేట_29 | శనివారం ఉదయం 8:15
నిన్న చేశాను. బ్రాడీపేటలో వడ్రంగి దగ్గర యాభై రూపాయలకి పలక కోయించాను, ట్రెయినర్ మొహం చూడాలి. మడమలు లేవలేదు. ఇవాళ తొడలు కొంచెం బరువుగా ఉన్నాయి, అంతే.

పటమట_ర్యాక్ | 8:22
చూశారా, మడమ ఎత్తితేనే కుదిరింది.

తాలింఖానా_బాబాయి | 8:24
చూశారా, ఆ షూ లేకుండానే కుదిరింది.

ఫిజియో_బెజవాడ | 9:01
మీ ఇద్దరి మాటా దీంతో తేలదు. బరువు తగ్గించారు, పైగా ఒకే పని రెండోసారి చేస్తే నొప్పి ఎలాగూ తక్కువే వస్తుంది.

పటమట_ర్యాక్ | 9:20
బాబాయి గారూ, మావాడు అన్నారు కదా, పటమటలో మా జిమ్‌కి పంపండి. మా ఓనరు షూ సంగతి అడగడు. నేను సాయంత్రం ఆరింటికి ఉంటా.

తాలింఖానా_బాబాయి | 11:48
అడిగి చూస్తా. గుంటూరు నుంచి రోజూ అంటే కష్టం, ఆదివారాలు రావచ్చు. ఆ పలక కొలతలు పెట్టమ్మా.

సైజ్11 | 11:50
షూ ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు.