ఎయిర్‌బ్యాగ్ రీకాల్: సెకండ్ ఓనరుకి కూడా ఉచితంగా మారుస్తారా?

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. నాన్నగారు 2012 మోడల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మొన్న కంపెనీ వెబ్‌సైట్‌లో ఆర్‌సీ మీదున్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు కొడితే, డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ (బ్యాగును గ్యాస్‌తో నింపే పరికరం) రీకాల్‌లో, అంటే లోపముందని కంపెనీయే వెనక్కి పిలిచి మార్చేవాటిలో, ఉందని చూపించింది. టకాటా అనే జపాన్ కంపెనీ తయారీ. ఉత్తరం ఏదైనా వచ్చినా మొదటి ఓనరుకే వెళ్లుంటుంది.

ఆ ఇన్‌ఫ్లేటర్లలో గ్యాస్ పుట్టించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మొహం మీదికి ఎగరొచ్చు. ఇక మా ఊరి ఉక్కపోత సంగతి చెప్పాలా! సర్వీస్ సెంటర్‌లో అడిగితే "పార్టు వచ్చాక ఫోన్ చేస్తాం సార్" అంటారు, తేదీ మాత్రం చెప్పరు.

నాన్నగారేమో "ఇన్నేళ్లూ ఈ కంపెనీ బళ్లే నడిపాను, ఒక్కటీ నడిరోడ్డు మీద ఆగలేదు. వాళ్లే పిలిచి మారుస్తామన్నారంటే మంచోళ్లేగా" అని వెనకేసుకొస్తున్నారు. అందులో కొంత న్యాయం ఉంది. కానీ పార్టు లేకుండా పిలిచి ఏం లాభం?

మీలో ఎవరికైనా సెకండ్ ఓనరుగా డబ్బు తీసుకోకుండా మార్చారా? అప్పటిదాకా బండి బయటికి తీశారా? 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన రీకాల్ నిబంధనలు ఏడేళ్ల లోపు బళ్లకే కదా, మరి ఇంత పాతదానికి ఎవరిని పట్టుకోవాలి? రాజమండ్రిలో గానీ వైజాగ్‌లో గానీ పార్టు త్వరగా దొరికితే అదీ చెప్పండి, అక్కడికే తీసుకెళ్తాం.