లీవర్ రైఫిల్‌లో తూటా సరిగా ఎక్కడం లేదు, ఎక్కడ చూడాలి?

ప్రశ్న (ఆత్మకూరు నుంచి):
అన్నా, మా నాయన తర్వాత లైసెన్స్‌తో సహా నా పేరు మీదికి మారిన మార్లిన్ 39ఏ రైఫిల్ ఒకటి ఉంది, ట్రిగ్గర్ దగ్గరి లీవర్ తిప్పి తూటా ఎక్కించే రకం. పాయింట్ 22 ఎల్.ఆర్. తూటాలు వాడతాం. నాయన చేతిలో గడగడా నడిచేది. 2024 ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, తెచ్చుకున్నాక బీరువాలోనే ఉంచాం. మొన్న రేంజ్‌కి తీసుకుపోతే మొదటి తూటాలు బాగానే ఎక్కినాయి. బారెల్ కింద తూటాలు నింపే గొట్టం సగం ఖాళీ అయ్యాక మొదలైంది గొడవ. ఒక్కోసారి లీవర్ మూసినా ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే గది) ఖాళీ. ఒక్కోసారి లీవర్ మధ్యలోనే పట్టేస్తా ఉంది. ఊళ్లో ఒకాయన క్యారియర్‌ని (గొట్టంలోంచి వచ్చిన తూటాని పైకి లేపే ముక్క) ఆకురాయితో కొంచెం గీస్తే సరిపోతది అంటున్నాడు. గీయించమంటారా?

జవాబు (ఒంగోలు, రిటైర్డ్ ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే ఉద్యోగి):
అబ్బాయా, ఆకురాయి దగ్గరికి పోనీకు. గీసిన ఇనుము తిరిగి రాదు, 39ఏ క్యారియర్ మన బజార్లో దొరికే వస్తువు కాదు. పైగా 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకి రిపేరు చేసేవాళ్లకి దానికి లైసెన్స్ ఉండాలి. ఊళ్లో ఆయనకి అది ఉందా?

ముందు ఖాళీ చెయ్యి. గొట్టం తుపాకుల్లో ఒక ప్రమాదం ఉంది. అంతా అయిపోయిందనుకుంటాం గానీ గొట్టంలో ఒక తూటా జిడ్డుకి అతుక్కుని ఉండిపోతది. మూతి క్షేమమైన వైపు పెట్టి, లోపలి ఇత్తడి గొట్టం పూర్తిగా బయటికి లాగి, తుపాకిని వంచి, లీవర్ మెల్లగా ఆడించు. తర్వాత ఛాంబర్‌లో, క్యారియర్ మీద టార్చ్ వేసి చూడు, చిటికెన వేలితో తడిమి కూడా చూడు. అప్పుడే ఖాళీ అయినట్టు లెక్క.

ఆ తర్వాత డమ్మీ తూటాలు (మందు లేని, పేలనివి) పెట్టి చూడాలి. ఇంట్లో అసలు తూటాలతో పరీక్ష చెయ్యొద్దు, ఈ ఒక్కటీ గట్టిగా చెప్తున్నా. లీవర్ నిదానంగా తిప్పుతా, తూటా ఏ చోట ఆగుతోందో చూసి రాయి. లీవర్ పూర్తిగా ముందుకి నెట్టినా క్యారియర్ మీదికి తూటా రాలేదా? రెండు తూటాలు ఒకేసారి వచ్చి ఇరుక్కున్నాయా? తూటా పైకి లేచింది గానీ ముక్కు ఛాంబర్ అంచుకి కొట్టుకుంటోందా? లేక లోపలికి పోయి, చివరి వెంట్రుకవాసి దగ్గర లీవర్ మూసుకోవడం లేదా? ఆగిన చోటుని బట్టే దోషం ఎక్కడో తెలిసేది.

ఇంకో మాట. లీవర్ రైఫిల్‌లో సగం గొడవలు లీవర్‌ని కొస దాకా నెట్టకపోవడం వల్లే వస్తాయి. క్యారియర్ పైకి లేచేది ఆ చివరి అంగుళంలోనే. తూటా పోతుందో లేదోనని భయపడి మెత్తగా తిప్పితే అదే ఇరుకుతది.

ప్రశ్న (ఆత్మకూరు):
అట్టనే చేశా అన్నా. రెండు తూటాలు ఒకేసారి రావడం ఎక్కడా లేదు. క్యారియర్ మీదికి తూటా రాకపోవడమే ఎక్కువ. మూతి పైకెత్తి తిప్పితే మాత్రం వస్తా ఉంది, అడ్డంగా పట్టుకుంటే రాదు. పట్టేసినప్పుడు చూస్తే తూటా సగం గొట్టంలో, సగం క్యారియర్ మీద ఉంది.

జవాబు (ఒంగోలు):
ఇంక సందేహం లేదు, గొట్టమే. నువ్వు చెప్పిన రెండు గొడవలకీ కారణం ఒకటే. గొట్టం నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ బాగా నొక్కుకుని ఉంటది, గట్టిగా తోస్తది. అందుకే మొదటివి ఎక్కినాయి. తూటాలు తగ్గే కొద్దీ స్ప్రింగ్ సాగి, తోపు తగ్గిపోతది. దారిలో జిడ్డు ఉంటే అప్పుడు గెలిచేది జిడ్డే. అసలు రాకపోతే ఛాంబర్ ఖాళీ. సగం వచ్చి ఆగితే క్యారియర్ పైకి లేవలేదు, దాంతో లీవర్ బిగుస్తది. మూతి ఎత్తితే తూటాల బరువు తోడై వస్తా ఉంది.

పాయింట్ 22 గుండు మెత్తటి సీసం, దాని మీద మైనం పూత ఉంటది. మన నెల్లూరు ఎండకి ఆ మైనం మెత్తబడి, పాత నూనెతో, దుమ్ముతో కలిసి ముద్దవుతది. మెత్తటి గుడ్డని కొంచెం కిరసనాయిల్‌లో తడిపి, సన్న కడ్డీకి చుట్టి, బయటి గొట్టం లోపల తుడువు. లోపలి ఇత్తడి గొట్టం, ఫాలోయర్ (స్ప్రింగ్ కొసన తూటాల్ని తోసే ముక్క), స్ప్రింగ్ కూడా తుడువు. తర్వాత పొడి గుడ్డతో ఆరేదాకా తుడిచి, నూనె మాత్రం వెయ్యొద్దు. గొట్టం పొడిగానే ఉండాలి. నూనె తూటా లోపలికి దిగితే అది పేలకపోవచ్చు కూడా.

ఇత్తడి గొట్టాన్ని అద్దం మీద దొర్లించి చూడు. ఎగిరెగిరి పడితే వంపు ఉన్నట్టు. సొట్టలు చేత్తో తడిమితే తెలుస్తాయి. స్ప్రింగ్‌ని మాత్రం సాగదియ్యొద్దు, బలం చచ్చిపోతది. మళ్లీ బిగించేటప్పుడు గొట్టం చివర గొళ్లెం సరిగా పడిందో లేదో చూసుకో. అది పడకపోతే గొట్టం ముందుకి జరిగి, నువ్వెంత శుభ్రం చేసినా ఇదే కథ.

ప్రశ్న (ఆత్మకూరు):
గుడ్డ నల్లగా, జిగటగా వచ్చింది అన్నా. ఇప్పుడు డమ్మీలు అడ్డంగా పట్టుకున్నా వరసగా ఎక్కుతున్నాయి. ఒక్కటే మిగిలింది. లోపలికి పోయినాక చివర్లో కొంచెం గట్టిగా మూయాల్సి వస్తా ఉంది.

జవాబు (ఒంగోలు):
ముందు ఛాంబర్‌ని బ్రష్‌తో శుభ్రం చెయ్యి. అప్పటికీ తగ్గకపోతే, దూదిపుల్లని ఛాంబర్ అంచు చుట్టూ తిప్పు. ఒక్కచోట దూది తగులుకుంటే అక్కడ ఇనుము పొంగినట్టు. నీ పాయింట్ 22 లాంటి రిమ్‌ఫైర్ తుపాకిని (తూటా అడుగు అంచు మీద కొట్టి పేల్చే రకం) ఖాళీగా పేల్చే అలవాటున్న ఇళ్లల్లో ఇది వస్తది, ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టే సూది) పోయి ఛాంబర్ అంచుకే కొడతది. పిల్లలకి చూపించడానికి కూడా టకటకా కొట్టనీకండి. దీన్ని సరిచేసే పనిముట్టు ఉంది గానీ అది లైసెన్స్ ఉన్న రిపేరు షాపు పని.

ఇంకొకరు (కనిగిరి):
అన్నా, మా బావ దగ్గర మార్లిన్ 336 ఉంది, 30-30 తూటాలు వాడేది. అది కూడా లీవర్ మధ్యలో బిగుస్తది. గొట్టం శుభ్రంగానే ఉంది. ఆ బోరులో మొన తేలిన గుండ్లు వాడొచ్చా?

జవాబు (ఒంగోలు):
రెండో ప్రశ్నకి ముందు చెప్తా. వాడొద్దు. గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక తూటా మొన, ముందు తూటా ప్రైమర్ (అడుగున ఉండే, కొడితే నిప్పు పుట్టించే బిళ్ల) మీదే ఆనుకుంటది. పేల్చినప్పుడు వచ్చే అదురుకి గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. అందుకే 30-30 కి బల్లపరుపు మొన గుండ్లు చేస్తారు. సావేజ్ 99 లాంటి వాటిలో గొట్టం కాదు, తిరిగే మేగజైన్ (తూటాల అర) ఉంటది కాబట్టి అక్కడ మొన తేలినవి నడుస్తాయి. 336 కి అది వర్తించదు.

బిగుసుకోవడం మాటకొస్తే, 1948 నుంచి వస్తున్న ఈ మోడల్‌లో అది బాగా తెలిసిన జబ్బే. లీవర్ లోపలి అంచు పదునుగా ఉండి, వాడే కొద్దీ క్యారియర్ అడుగున గాటు పెడతది. గాటు లోతయ్యే కొద్దీ క్యారియర్ ఉండాల్సిన ఎత్తులో ఉండదు, ఆ సందులోంచి రెండో తూటా కిందికి దూరి అంతా బిగుస్తది. టార్చ్ వేసి క్యారియర్ అడుగు చూడమను, మెరిసే గీత కనబడితే అదే. బిగిసినప్పుడు మోకాలు పెట్టి లాగొద్దని చెప్పు, లోపల అసలు తూటా ఉంటది. మూతి క్షేమమైన వైపే ఉంచి, లైసెన్స్ ఉన్న షాపుకి చూపించమను.

ప్రశ్న (ఆత్మకూరు):
బ్రష్ కొట్టాక మూసుకోవడం కూడా తేలికైంది అన్నా, దూది ఎక్కడా తగల్లేదు. బీరువాలో ఎట్ట పెట్టాలి?

జవాబు (ఒంగోలు):
గొట్టం ఖాళీగా, పొడిగా. తోలు సంచిలో వద్దు, తేమ పట్టి తుప్పు తెస్తది. బయటి ఇనుముకి పల్చగా నూనె గుడ్డ, పక్కన సిలికా జెల్ పొట్లం. తూటాలు వేరే అరలో, తాళం వేసి. వానాకాలం దాటాక మళ్లీ ఒకసారి తీసి తుడువు.