"మన చేతుల్లో లేదు" అని పిల్లలకు ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న (మేనత్త): మా అన్నయ్య గుండెపోటుతో చనిపోయి నాలుగు నెలలైంది. ఆయన కూతురికి ఏడేళ్లు. రాత్రి పడుకోబెడుతుంటే "అత్తా, ఆ రోజు నాన్నతో పోట్లాడాను, అందుకే చనిపోయాడా?" అని అడుగుతోంది. వదినేమో "అది మన చేతుల్లో లేదమ్మా, మర్చిపో" అంటుంది. అలా చెప్పడం సరైనదేనా?

జవాబు 1: మీ వదినదే కరెక్ట్. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోతే ఊరెళ్లిందన్నారు. ఎన్నాళ్లో గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. మన చేతుల్లో లేదని మొదటి రోజే చెప్పి ఉంటే నాకు ఆ ఎదురుచూపు తప్పేది.

జవాబు 2 (టీచరు): మీకు జరిగింది అన్యాయమే. కానీ నిజం చెప్పడం వేరు, మర్చిపొమ్మనడం వేరు. మనస్తత్వవేత్త మరియా నాగీ 1948లో హంగరీ పిల్లల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. అయిదేళ్లలోపు వాళ్లు చావును నిద్రలాగో ప్రయాణంలాగో అనుకున్నారు. అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లలో చాలామందికి అది ఎవరో వచ్చి తీసుకుపోయే మనిషిలా తోచింది. పిల్లలందరూ ఒకేలా ఉండరు, నిజమే. అయినా ఏడేళ్ల పాప "నేను మంచిగా ఉంటే తీసుకుపోయేవాడు కాదేమో" అనుకోవడంలో వింత లేదు. పాప అడుగుతున్నది తప్పు తనదా అని. "మన చేతుల్లో లేదు" అంటే ఆ ప్రశ్నకు జవాబు రాదు. "నాన్న గుండె పనిచెయ్యడం ఆగిపోయింది. నీ మాటల వల్ల కాదు. పోట్లాడినా నాన్నకి నువ్వంటే ప్రేమే" అని విడమరిచి చెప్పండి. పదిసార్లు అడిగితే పదిసార్లూ చెప్పండి.

జవాబు 1: రోజూ అదే తవ్వితే గాయం మానుతుందా? పాప ఆడుకుంటున్నప్పుడు కదపకండి.

జవాబు 2: అక్కడ మీతో ఏకీభవిస్తాను. దుఃఖం ఒకే దారిలో సాగదని, బాధలోకీ రోజువారీ పనుల్లోకీ మనిషి అటూ ఇటూ తిరుగుతుంటాడని దుఃఖం మీద పరిశోధన చేసిన స్ట్రోబె, షుట్ 1999లో రాశారు. పిల్లల్లో ఆ మార్పు మరీ త్వరగా వస్తుంది. ఇప్పుడే ఏడ్చి, అయిదు నిమిషాలకే బొమ్మలు తీస్తారు. "నాన్న పోతే దీనికి బాధే లేదు" అని మాత్రం ఎవరినీ అననివ్వకండి. ఇంకొకటి, పాప చేతుల్లో ఉన్నవి పాపకే వదలండి. ఏ ఫొటో పక్కన పెట్టుకోవాలి, లైటు ఉంచాలా తీసెయ్యాలా, ఈ రోజు నాన్న గురించి మాట్లాడాలా వద్దా.

మేనత్త: రాత్రి అలాగే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లైటు ఉంచు అత్తా" అంది. వదిన తలుపు దగ్గరే నిలబడి విన్నది.