'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం ఒక్కటేనా?

ప్రశ్న
'ద మీటింగ్ వాజ్ పుట్ ఆఫ్' అంటే సమావేశం వాయిదా పడిందని అర్థమవుతోంది. కానీ 'ద స్మెల్ పుట్ మి ఆఫ్ మై ఫుడ్' దగ్గర ఆ అర్థం పొసగడం లేదు. అన్ని అర్థాలూ గుర్తుపెట్టుకోవడం ఎలా? 'పోస్ట్‌పోన్' బదులు ఎక్కడైనా వాడొచ్చా?

జవాబు 1
కర్మ ఏమిటో ముందు చూడండి, సగం చిక్కు వీడిపోతుంది. కర్మ పని అయితే, అంటే మీటింగో ప్రయాణమో నిర్ణయమో అయితే, వాయిదా. మనిషి అయితే ఆ మనిషిని దేన్నుంచో దూరం చేయడం. మీ వాక్యంలో ఆ వాసనకు తిండి మీద మనసు విరిగిపోయింది. 'డోంట్ టాక్, యు ఆర్ పుటింగ్ మి ఆఫ్' అంటే మాట్లాడకు, నా ధ్యాస చెదురుతోంది అని. ఈ వాడుక బ్రిటిష్ ఇంగ్లిష్‌లోనే ఎక్కువ. 'ఆఫ్‌పుటింగ్' అనే విశేషణానికి మాత్రం మనసు విరిచేది అనే అర్థమే, వాయిదాతో సంబంధం లేదు.

జవాబు 2
తప్పులు ఎక్కువగా వచ్చేది వాక్యం కూర్పులో. నామవాచకమైతే 'పుట్ ఆఫ్ ద ట్రిప్', 'పుట్ ద ట్రిప్ ఆఫ్' రెండూ సరే. సర్వనామమైతే మధ్యలోనే రావాలి: 'పుట్ ఇట్ ఆఫ్'. 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. పలికేటప్పుడు ఊనిక 'ఆఫ్' మీద.

తర్వాత క్రియ వస్తే 'ఇంగ్' రూపమే: 'ఐ పుట్ ఆఫ్ గోయింగ్'. చాలామంది 'పుట్ ఆఫ్ టు గో' అని రాస్తారు. 'వెళ్లడం వాయిదా వేశాను' అనే మన వాక్యాన్ని తలచుకోండి, 'వెళ్లడం' ఉన్నచోట 'గోయింగ్' వస్తుంది. భూతకాలంలోనూ 'పుట్' మారదు.

జవాబు 3
'పోస్ట్‌పోన్' గురించి: అధికారిక ప్రకటనల్లో అదే నప్పుతుంది. 'పుట్ ఆఫ్' మాటల్లో వాడేది. చేయబుద్ధి కాక పనిని రేపటికి నెట్టడం చెప్పాలంటే ఇదే సరైనది. పూర్తిగా రద్దయితే 'కాల్ ఆఫ్' అనాలి. ఈ రెండూ కలిపేస్తే వినేవాళ్లు కార్యక్రమం ఉందో లేదో తెలియక తికమకపడతారు.

ప్రశ్న అడిగినవారు
మరి 'ఐ పుట్ హిమ్ ఆఫ్ అంటిల్ మండే'? కర్మ మనిషే కదా, మనసు విరిచానని అర్థమా?

జవాబు 1
మంచి చోట పట్టుకున్నారండీ. 'అంటిల్ మండే' అని గడువు ఉంది కాబట్టి, ఏదో చెప్పి సోమవారం దాకా ఆగమన్నానని అర్థం. అదే 'హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్' అంటే, సందర్భాన్ని బట్టి, రేపు మాపు అంటూ తిప్పించుకుంటున్నాడని. కర్మ మనిషైనప్పుడు గడువు కోసం కూడా వెతకండి.