కాకికి ఆ పేరు దాని అరుపు వల్లే వచ్చిందా?

పదవేట:
వేదాల్లోని మాటల పుట్టుకను వివరించే ప్రాచీన గ్రంథం, యాస్కుడి నిరుక్తంలో ఒక చిన్న తగాదా ఉంది. ‘కాక’ అనే మాట ఆ పక్షి అరుపును అనుకరించి పుట్టిందనీ, పక్షుల పేర్లలో ఇలాంటివి ఎక్కువనీ యాస్కుడు అంటాడు. వెంటనే ఔపమన్యవుడనే మరో ప్రాచీన పండితుడి మాటనూ చెబుతాడు: శబ్దానుకరణం అంటూ ఏదీ లేదు, తరిమివేయదగినది (అపకాలయితవ్యం) కనుక అది కాకి. నాకైతే యాస్కుడిదే సబబుగా తోస్తోంది. మీరేమంటారు?

పాతపలక:
ఔపమన్యవుడే సరి. అరుపే మూలమైతే కోడి లోకమంతా ఒకేలా కూయాలి. మనకు కొక్కొరోకో, ఫ్రెంచివారికి కోకొరికో, జర్మన్లకు కికెరికీ, ఇంగ్లీషువారికి కాక్-ఎ-డూడుల్-డూ. కోడి మారలేదు కదా! మాటకు ధాతువు (మూలమైన క్రియారూపం) ఉండాలి. కూతకు ధాతువు ఎక్కడిది?

తుమ్మెద:
నాలుగింటిలోనూ ‘క’కారం మాత్రం ఉంది, చూశారా?

పాతపలక:
ఒక్క ‘క’కారాన్ని పట్టుకుని ఏరు దాటలేరు. భాషాశాస్త్రవేత్త సొస్యూర్ పాఠాలు (1916లో అచ్చయ్యాయి) తిరగేయండి. ఫ్రెంచిలో కొరడాను ‘ఫ్వే’ అంటారు. వింటే గాలిని కోసిన దెబ్బలాగే ఉంటుంది. మూలం చూస్తే లాటిన్ ‘ఫాగుస్’, అంటే బీచ్ చెట్టు! చెవి చెప్పే వ్యుత్పత్తి ఇలాగే ఉంటుంది.

పదవేట:
అదే పాఠంలో దానికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని వదిలేశారు. లాటిన్‌లో ‘పీపియో’ అంటే కిచకిచలాడే పిల్ల. అదే అరిగి అరిగి ఫ్రెంచిలో పావురానికి ‘పిజాన్’ అయింది. ఇప్పుడు అందులో ఏ అరుపూ వినిపించదు. అంటే ధ్వని నుంచి పుట్టిన మాట తన పుట్టుకను మరిచిపోగలదు. ఇవాళ ‘ధాతువు’ అని మనం పూజిస్తున్న వాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో!

చినుకు:
మీరిద్దరూ పక్షులను వదలడం లేదు. తెలుగులో అసలు విచిత్రం వేరే చోట ఉంది. గలగల, జలజల, గణగణ సరే, చెవికి వినిపించేవే. మరి మిలమిల? తళతళ? నిగనిగ? వెలుగుకు చప్పుడు ఉంటుందా? ఘుమఘుమ వాసన. గిలిగింత స్పర్శ. ‘మనసు చివుక్కుమంది’ అంటాం, అక్కడ ఏ చప్పుడూ లేదు. అయినా ఆ ‘మంది’లో ఉన్నది ‘అను’ క్రియే. గంట గణగణమంటుంది, నక్షత్రం మిలమిలమంటుంది, మనసు చివుక్కుమంటుంది. నోరు లేనివాటి చేత కూడా తెలుగు ఏదో ఒకటి అనిపిస్తుంది. కాబట్టి ఇవి అనుకరించేది శబ్దాన్ని మాత్రమే కాదు, ఒంటికి తగిలిన తీరును.

గాలిపటం:
చివుక్కుమంది! ఇన్నేళ్లుగా వాడుతున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు.

పాతపలక:
భగభగ, ధగధగ, ఝల్లు, ఘుమఘుమ... అన్నిటిలోనూ ఒత్తక్షరాలే. తెలుగుకు వర్ణాలు 36 అని చిన్నయ సూరి చెప్పిన లెక్కలో వర్గయుక్కులు (భ, ధ, ఝ, ఘ వంటి ఈ ఒత్తక్షరాలు) లేవు. కాబట్టి ఇవి సంస్కృతం నుంచి వచ్చినవే. మీ వాదం ఇక్కడే కూలిపోయింది.

చినుకు:
నేను అడిగింది చివుక్కు గురించి. అందులో మీరు చెప్పే ఒత్తక్షరం ఎక్కడుంది?

పాతపలక:
ముందు భగభగ సంగతి తేల్చండి.

పదవేట:
తేల్చేద్దాం. ‘ధడేలుమని పడ్డాడు’, ‘గుండె ఝల్లుమంది’. వీటికి సంస్కృత ధాతువు చూపండి. అనుకరణ పదాలు భాషలోని మామూలు ధ్వని నియమాలను దాటడం చాలా భాషల్లో ఉన్నదే. పైగా భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో రాసిన వ్యాసంలో ద్రావిడ, ఇండో-ఆర్య భాషలు ఇలాంటి పదాలను పెద్ద ఎత్తున పంచుకున్నాయని చూపించాడు. ఎవరి సొత్తో తేల్చడం అంత సులువు కాదు. ఇక మీ పాణిని ‘అవ్యక్తానుకరణం’ (అక్షరాలుగా స్పష్టంగా వినిపించని ధ్వనిని అనుకరించడం) అని పేరు పెట్టి మరీ సూత్రాలు చేశాడు. ‘పటపటా కరోతి’ (పటపటమని చప్పుడు చేస్తాడు) ఆయన సూత్రంతో సిద్ధించే రూపమే. ఆయనకు లేని చిన్నతనం మీకెందుకు?

పాతపలక:
చిన్నతనం అన్న మాట వెనక్కి తీసుకోండి. పసిపిల్లల భాషకు శాస్త్రం అంటగట్టవద్దని మాత్రమే నేను అంటున్నాను.

చినుకు:
ఇదిగో, అసలు మాట బయటికి వచ్చింది. పసిపిల్లల భాష!

కిందటి ఏడాది ఒక అనువాదం చేసి ఇచ్చాను. అందులో ‘దీపం రెపరెపలాడింది’ అని రాస్తే ‘దీపం చలించింది’ అని దిద్దారు. ‘గుసగుసలు’ పోయి ‘రహస్య సంభాషణ’ వచ్చింది. ‘వలవల ఏడ్చింది’ కాస్తా ‘మిక్కిలి రోదించింది’ అయింది. ఎందుకని అడిగితే, ఇవి బరువైన మాటలు కావన్నారు. ఆ పుస్తకం చదివిన మా అమ్మ, ‘ఇందులో ఎవరూ ఏడ్చినట్టే లేదే’ అంది. నాకు కాకి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కరలేదు. ఈ మాటలను మాటలుగా లెక్కపెడతారా లేదా, అది చెప్పండి.

తుమ్మెద:
‘మిక్కిలి రోదించింది’కి నేనూ మిక్కిలి రోదించాను.

నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా వెళ్లకండి. చర్చ పదాల మీదే సాగాలి.

పదవేట:
చినుకు గారూ, మీ బాధ న్యాయమే. కానీ పుట్టుక వేరు, గౌరవం వేరు. నేను అడిగింది పుట్టుక గురించి.

చినుకు:
వేరు కాదండీ. ధాతువు లేదని తేల్చాకే కదా పీటెత్తేస్తున్నారు!

పాతపలక:
రాత్రి జవాబు రాసి చెరిపేశాను. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

నేను 31 ఏళ్లు తెలుగు చెప్పాను. వ్యాసాల్లో పిల్లలు ‘వాన జోరుగా దబదబా కురిసింది’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టి, పైన ‘కుంభవృష్టి’ అని రాసేవాణ్ణి. తప్పని ఎవరూ నాకు చెప్పలేదు, నాకూ మా మాస్టారు అలాగే కొట్టేశారు. ‘రెపరెప’ను ‘చలించింది’గా మార్చినవారిని మాత్రం సమర్థించలేను. చలించేది మనసు కావచ్చు, కొండ కావచ్చు. రెపరెపలో మంట పలచన, గాలి విసురు, ఆరిపోతుందేమోనన్న భయం ఉన్నాయి. ఆ మూడింటికీ వేరే మాట కోసం పొద్దుటి నుంచి వెతుకుతున్నాను. దొరకలేదు.

చినుకు:
ధన్యవాదాలు, మాస్టారూ.

గాలిపటం:
అయితే కాకి సంగతి తేలినట్టేనా?

పాతపలక:
తేలలేదు. కాకి తరిమివేయదగినదే.