1995 కమారో జెడ్28: ఎల్‌టీ1 ఇంజిన్‌ను నమ్మొచ్చా, పీకేసి ఎల్‌ఎస్1 పెట్టుకోవడమే నయమా?

హ్యూస్టన్_వీ8:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒకాయన తన 1995 కమారో జెడ్28 (షెవ్రొలే స్పోర్ట్స్ కారు) అమ్ముతున్నారు. 5.7 లీటర్ల ఎల్‌టీ1 వీ8 ఇంజిన్, సిక్స్ స్పీడ్ మాన్యువల్. బాడీ శుభ్రంగా ఉంది. వాన పడ్డ రోజు పొద్దున స్టార్ట్ చేస్తే మిస్‌ఫైర్ అవుతుందని (కొన్ని సిలిండర్లు సరిగ్గా మండక కుదుపు), వేడెక్కాక సర్దుకుంటుందని ఆయనే చెప్పారు. నాకు తెలిసిన మెకానిక్ మాత్రం "ఎల్‌టీ1 జోలికి పోకు, కొంటే ముందు ఇంజిన్ మార్చు" అంటున్నాడు. ఈ ఇంజిన్‌కి అంత చెడ్డపేరు న్యాయమేనా?

నట్టు_బోల్టు:
మీ మెకానిక్ చెప్పిందే కరెక్ట్. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని తీసుకెళ్లి ఇంజిన్ ముందు భాగంలో, సరిగ్గా వాటర్ పంప్ కింద పెట్టారు. అదే ఆప్టిస్పార్క్. పంప్ సీల్ కాస్త అరిగితే చాలు, వీప్ హోల్ (పంప్‌కి ఉండే చిన్న రంధ్రం) నుంచి కారే కూలెంట్ నేరుగా దాని మీదే పడుతుంది. 1997 కార్వెట్‌లో దీని తర్వాతి వీ8 ఎల్‌ఎస్1 వచ్చేసరికి జీఎమ్ (జనరల్ మోటార్స్) అసలు డిస్ట్రిబ్యూటరే తీసేసి సిలిండర్‌కో కాయిల్ ఇచ్చింది. చేసినవాళ్లే వదిలేసిన డిజైన్‌ని మనం ఎందుకు మోయాలి? ఆ డబ్బేదో ఎల్‌ఎస్1 మీద పెట్టండి.

పాతబండి:
నట్టు_బోల్టు అన్నా, ఆప్టిస్పార్క్‌ని అక్కడ పెట్టడం తప్పే. ఎవరూ కాదనరు. కానీ దానికి శిక్ష మొత్తం ఇంజిన్‌కి వేస్తున్నారు, నేను ఒప్పుకోనిది అదొక్కటే.

కాస్ట్ ఐరన్ బ్లాక్, కమారోలో దాని పైన కూర్చునే సిలిండర్ హెడ్స్ అల్యూమినియం. కూలెంట్ ముందు హెడ్స్‌లోకి వెళ్లి తర్వాత బ్లాక్‌లోకి వస్తుంది, మామూలు ఇంజిన్లకు పూర్తిగా తిరగేసి. హెడ్స్ చల్లగా ఉంటాయి కాబట్టే బంకులో దొరికే పెట్రోలుతో 10.4:1 కంప్రెషన్ నడిపించగలిగారు. 1992 కార్వెట్‌లో ఇది 300 హార్స్‌పవర్, ఈ జెడ్28లో 275. నిజంగా బ్లాక్‌లోనే లోపం ఉన్న ఇంజిన్ ఎలా ఉంటుందో చూడాలంటే అదే కాలపు కాడిలాక్ నార్త్‌స్టార్‌ని చూడండి. అల్యూమినియం బ్లాక్‌లో హెడ్ బోల్టుల మరలే ఊడి వచ్చేస్తాయి. ఇంజిన్ విప్పి ప్రతి రంధ్రానికీ కొత్త మర ఇన్సర్ట్ వేస్తే గానీ బాగుపడదు. ఎల్‌టీ1లో అలాంటి జబ్బు లేదు.

ఇక చాలా ఎల్‌టీ1లు పాడయ్యేది రిపేర్ చేసేటప్పుడే. వాటర్ పంప్ మార్చి మామూలు ఇంజిన్‌లాగా కూలెంట్ పోసి మూత పెట్టేస్తారు. దీనికి థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఒకటి, థ్రాటిల్ బాడీ దగ్గర ఇంకొకటి, రెండు ఇత్తడి బ్లీడర్ స్క్రూలుంటాయి. అవి తిప్పి, బుడగలు ఆగి సన్నటి ధార వచ్చేదాకా గాలి తీయాలి. తీయకపోతే లోపల ఆవిరి చిక్కుకుపోతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు తిట్లు మాత్రం ఇంజిన్‌కే పడతాయి!

హ్యూస్టన్ గారూ, ఇప్పుడు మీ బండి సంగతి. 1995 నుంచి ఈ కమారోలకు వెంటెడ్ ఆప్టిస్పార్క్ వచ్చింది. ఒక సన్న గొట్టం ఫిల్టరైన గాలిని లోపలికి తెస్తుంది, ఇంకొకటి ఇంజిన్ వాక్యూమ్‌తో తేమను లాగేస్తుంది. మీరు చెప్పిన లక్షణం, అంటే తేమగా ఉంటే మిస్‌ఫైర్, వేడెక్కితే మామూలు, వింటే నాకు ముందు ఆ గొట్టాల మీదే అనుమానం. పాతబడి చిట్లి ఉండొచ్చు, ఎవరో ఊడదీసి మళ్లీ పెట్టకపోయి ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్ వైర్లు కూడా చూడండి.

నట్టు_బోల్టు:
గొట్టాలైతే సరే. ఆప్టి లోపలే పోయి ఉంటే? వాటర్ పంప్ తీయాలి, క్రాంక్ ముందున్న పుల్లీ తీయాలి, ఆ తర్వాతే అది కనిపిస్తుంది. బ్లాక్‌లో కూలెంట్ ఖాళీ చేయాలంటే బ్లాక్ పక్కన నాక్ సెన్సర్ (ఇంజిన్ టకటకను పసిగట్టేది) ఉన్న రంధ్రం దగ్గర విప్పాలి, కింద పడుకున్నవాడి మొహం మీద పడుతుంది మొత్తం. ఇంజిన్ వెనక సగం విండ్‌షీల్డ్ కిందకి దూరి ఉంటుంది, వెనక ప్లగ్గులకి చెయ్యి దూరదు. షాపుల్లో ఈ పని అంటేనే "మా వల్ల కాదు" అంటున్నారు. సొంతంగా చేసుకునేవాళ్లకి మీ వాదన బాగుంటుంది. వారం అంతా ఉద్యోగం చేసే మనిషికి ఇది వీకెండ్ సరదా కాదు, టెన్షన్.

బేఏరియా_బావ:
ఒక్క మాట. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఈ థ్రెడ్ చదివి ఎల్‌ఎస్1 కొనేయకండి. ఇక్కడ పాత పెట్రోలు బళ్లలో స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) మినహాయింపు 1975, అంతకుముందు వాటికే. ఇంజిన్ మారిస్తే స్మాగ్ రెఫరీ (ఇలాంటి మార్పులు తనిఖీ చేసే ప్రభుత్వ కేంద్రం) దగ్గరికి వెళ్లాలి, కొత్త ఇంజిన్‌తో పాటు దాని ఎమిషన్ సామాన్లన్నీ ఉండాలి.

పాతబండి:
మంచి మాట చెప్పారు. నట్టు_బోల్టు అన్నా, పని కష్టమన్నది నిజం. కానీ ఇంజిన్ మార్పిడిలో ఆ కష్టం పోతుందా? ఈ బండిలో ఇంజిన్ పైకి తీయడం కష్టం, మామూలుగా కింద నుంచి కే మెంబర్‌తో (ఇంజిన్‌ని మోసే చట్రం) సహా దించుతారు. తర్వాత వైరింగ్, కంప్యూటర్, ఎగ్జాస్ట్ అన్నీ మారాలి. ఆప్టి మార్చడానికి భయపడే షాపు అది చేసిపెడుతుందా? పైగా ఎల్‌ఎస్1 కూడా కడిగిన ముత్యమేమీ కాదు. మొదటి బ్యాచుల్లో చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకునే) శబ్దం, ఆయిల్ తాగడం మామూలే.

ఆప్టి మార్చాల్సివస్తే కక్కుర్తి మాత్రం పడొద్దు. దాని ప్రాణమంతా లోపలి ఆప్టికల్ సెన్సర్‌లో ఉంది. 360 సన్న గాట్లున్న పళ్లేన్ని అది చదువుతుంది. ఒరిజినల్‌లో మిత్సుబిషి సెన్సర్ ఉండేది. ఆన్‌లైన్లో చౌకగా దొరికే వాటితో కొన్నాళ్లకే మళ్లీ పంప్ విప్పాల్సివస్తుంది. ఎలాగూ విప్పుతారు కాబట్టి కొత్త వాటర్ పంప్, టైమింగ్ కవర్‌లోని మూడు సీల్స్ ఒకేసారి వేయించండి.

హ్యూస్టన్_వీ8:
ధన్యవాదాలు. అయితే స్కానర్ పెట్టి చూస్తే తెలుస్తుందా?

పాతబండి:
1995కి స్కానర్ పెట్టే సాకెట్ 16 పిన్నులదే, మామూలు ఓబీడీ2 (కారు కంప్యూటర్ కోడ్‌లు చదివే ప్రమాణం) స్కానర్ చక్కగా దూరుతుంది, కానీ బండితో మాట్లాడదు. పాత జీఎమ్ ప్రోటోకాల్ చదివేది కావాలి. అందులో కోడ్ 16 గానీ 36 గానీ వస్తే ఆప్టి సిగ్నల్ పోతున్నట్టు, ధర ఆ మేరకు తగ్గించి అడగండి. కోడ్ లేకపోతే టార్చ్ తీసుకుని వాటర్ పంప్ కింద చూడండి. ఎండిన కూలెంట్ చారలు ఉన్నాయో లేవో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.

నట్టు_బోల్టు:
చారలు కనిపిస్తే నా సలహా మారదు. కనిపించకపోతే, కొనండి.