సిక్రోపియా పురుగులకు వల కట్టడం తప్పా?

పెరటిచెర్రీ: మాది మసాచుసెట్స్. పెరట్లో చెర్రీ చెట్టు మీద నాలుగు సిక్రోపియా గొంగళి పురుగులు కనిపించాయి. ఉత్తర అమెరికా సొంత మాత్‌లలో (రాత్రి తిరిగే సీతాకోకల్లాంటివి) ఇదే పెద్దది, రెక్కలు చాపితే ఆరంగుళాలు. కొమ్మకు వల సంచి తొడిగాను. పక్కింటాయనేమో ప్రకృతిలో వేలు పెట్టొద్దంటున్నాడు. మీరేమంటారు?

అడివిగాలి: ఆయన మాటే నాదీ. ఒక్కో ఆడది వందకు పైగా గుడ్లు పెట్టేది చాలా మటుకు పోతాయనే. పిట్టలూ ఎలుకలూ బతకొద్దా?

దసలిబిడ్డ: పిట్టల సంగతి సరే, ఈగ సంగతో? 1860ల చివర్లో ట్రూవెలో అనే ఫ్రెంచాయన మెడ్‌ఫర్డ్‌లో పట్టు కోసం పాలిఫీమస్ పురుగుల్ని పెంచుతూ, యూరప్ నుంచి జిప్సీ మాత్‌ను కూడా తెచ్చుకున్నాడు (ఇప్పుడు స్పాంజీ మాత్ అంటున్నారు). అది తప్పించుకుని అడవుల్ని బోడి చేసింది. దాని మీదికి 1906లో కాంప్సిల్యూరా అనే ఈగను వదిలారు. ఆ ఈగ ఒక్క జిప్సీతో ఊరుకోలేదు. దొరికిన గొంగళినల్లా పొడిచి లోపల పిల్లను పెడుతుంది. 2000లో వచ్చిన మసాచుసెట్స్ పరిశోధనలో 500 సిక్రోపియా పిల్లల్ని చెట్ల మీద వదిలితే ఒక్కటీ గూడు కట్టేదాకా మిగల్లేదు. ఇందులో ప్రకృతి ఎక్కడుందండీ, తెచ్చిపెట్టింది మనుషులేగా!

మాది తెలంగాణలో మహదేవపూర్ వైపు. మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులకు ఊజీ ఈగ పట్టేది. అదీ ఈ కాంప్సిల్యూరా కుటుంబమే. మా తాత పొద్దంతా చెట్ల కింద కాపలా ఉండేవాడు. ఆయన్నెవరూ వేలు పెట్టొద్దనలేదు.

అడివిగాలి: మీ తాతగారిది బతుకుతెరువు, ఇది సరదా. పైగా వర్జీనియాలో లూనా మాత్‌ల మీద చూస్తే, ఆ ఈగనే తినే కందిరీగ ఉంది, నష్టం అంత లేదు. అన్నిచోట్లా ఒకే లెక్క కాదు. సంచిలో కుక్కితే జబ్బు అంటుకుని మొత్తం పోతాయి కూడా.

పెరటిచెర్రీ: నాలుగే కదా, కుక్కలేదు. గూళ్లు కట్టాక చలికాలం ఇంట్లో పెడదామనుకుంటున్నా.

దసలిబిడ్డ: అమ్మో, వద్దండి! వాటికి ఆ చలే కావాలి. హీటర్ వేసిన గదిలో అయితే గూట్లోంచి లేవకుండానే పోవచ్చు, లేదా జనవరిలో లేస్తాయి. బయట జత ఉండదు. పెద్దయ్యాక తినడానికి నోరు పనిచేయదు, రెండు వారాలే బతుకు. ఎలుకలకు అందకుండా తీగ పంజరంలో పెట్టి బయటే ఉంచండి. జూన్‌లో ఆడది వస్తే ఒక రాత్రి అందులోనే ఆపండి. తెల్లవారుజామున మైలు దూరం నుంచైనా మగవి వాసన పట్టుకుని వస్తాయి.

అడివిగాలి: వస్తే ఫొటో పెట్టండి. వల మీద మాత్రం నా మాట నాదే.